మొదటి ఆర్‌సీ విమానం: కొనాలా, కట్టాలా, ఎక్కడ ఎగరేయాలి?

మీరు అడిగినవి మూడు. పదిహేను వేల లోపు ఖర్చుతో ఆర్‌సీ (రేడియో కంట్రోల్, అంటే చేతిలోని రిమోట్‌తో నడిపే) విమానం నేర్చుకోవడం కుదురుతుందా, రెడీమేడ్‌గా కొనాలా ఇంట్లోనే కట్టుకోవాలా, సంగారెడ్డిలో ఉండేవాళ్లు ఎక్కడ ఎగరేయాలి. వీటితో పాటు షాపులో చూసిన ఫైటర్ జెట్ మోడల్ బాగా నచ్చిందనీ, దాంతోనే మొదలుపెట్టాలని ఉందనీ రాశారు. ముందు ఈ జెట్ సంగతే చెప్తాను. మిగతా మూడింటికీ జవాబు అందులోంచే వస్తుంది.

ఆ జెట్ ఇప్పుడే వద్దండీ. మోడల్ చెడ్డదని కాదు. దాని రెక్క చిన్నది, బరువెక్కువ. అలాంటిది గాలిలో నిలవాలంటే ఎప్పుడూ వేగంగా పోతూనే ఉండాలి. అది ఎటు వంగిందో మీ కంటికి అర్థమై, వేలు కదిలేలోపే పొలంలో పడి ఉంటుంది. కొత్తవాళ్లకు అన్నిటికంటే ముందు కావలసింది ఆలోచించుకునే వ్యవధి. నెమ్మదిగా ఎగిరే విమానమే ఆ వ్యవధినిస్తుంది. నెమ్మదిగా ఎగరాలంటే బరువు తక్కువుండాలి, రెక్క పెద్దగా ఉండాలి.

లెక్క వేసి చూద్దాం. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకోండి. మొత్తం బరువు 700 గ్రాములైతే, ఈ విమానం గంటకు సుమారు 23 కిలోమీటర్ల వేగం వరకు తగ్గినా గాలిలో నిలుస్తుంది. అదే రెక్కతో బరువు 1400 గ్రాములైతే 32 దాకా ఉండాల్సిందే. బరువు రెట్టింపైతే కనీస వేగం సుమారు 1.4 రెట్లు అవుతుంది. ఇక నేలను గుద్దుకున్నప్పుడు విరగ్గొట్టే శక్తి బరువుతోనూ, వేగం వర్గంతోనూ పెరుగుతుంది కాబట్టి అది నాలుగు రెట్లు. తేలికపాటి ఫోమ్ విమానం పడితే ముక్కు నలుగుతుంది, సాయంత్రానికి అతికించుకోవచ్చు. బరువైనది పడితే మోటారు మౌంటు, రెక్క, ఒక్కోసారి బ్యాటరీ కూడా పోతాయి. అందుకే ఒక కిచెన్ తూకం మిషన్ కొనమంటాను. కొన్న ప్రతి వస్తువునూ, కట్టిన ప్రతి భాగాన్నీ దానిమీద పెట్టి కాగితం మీద రాసుకోండి.

కొనాలా, కట్టాలా అంటే, కట్టుకోండి అనే నా జవాబు. డబ్బు ఆదా అవుతుందన్నది చిన్న విషయం. నేర్చుకునే రోజుల్లో విమానం పడక తప్పదు. సొంతంగా కట్టినవాళ్లకు లోపల ఏ పుల్ల ఎక్కడుందో తెలుసు, అందుకని బాగుచేయడానికి భయపడరు. రెడీమేడ్ కొన్నవాళ్లలో చాలామంది మొదటిసారి పడగానే స్పేర్ పార్టు కోసం వారాల తరబడి ఎదురుచూసి, ఆ లోపు ఆసక్తి పోగొట్టుకోవడం చూశాను. మీ దగ్గర సమయం అసలు లేకపోతే మాత్రం ఈపీపీ ఫోమ్‌తో చేసిన హై వింగ్ ట్రైనర్ (రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల విమానం) కొనుక్కోండి. ఈపీపీ వంగుతుంది కానీ అంత తేలిగ్గా విరగదు.

కట్టేదానికి ఆకారం ఇలా ఉండాలి. రెక్క బాడీకి పైన ఉండాలి. రెండు చివరలూ కాస్త పైకి లేచి ఉండాలి, దీన్నే డైహెడ్రల్ అంటారు. ఒక పక్కకు ఒరిగినప్పుడు చేతులు వదిలేస్తే మెల్లగా తనంతట తాను సర్దుకునే గుణం దీనివల్ల వస్తుంది. మొదటిదానికి ఐలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే, రెక్క మీది కదిలే పలకలు) కూడా అక్కర్లేదు. థ్రాటిల్ (మోటారు వేగం), ఎలివేటర్ (ముక్కు పైకీ కిందికీ), రడ్డర్ (ముక్కు కుడికీ ఎడమకీ), ఈ మూడు ఛానళ్లు చాలు. ఒక చిన్న కిటుకు: రడ్డర్ సర్వో (దాన్ని కదిపే చిన్న మోటారు) వైరును రిసీవర్‌లో, అంటే విమానంలో సిగ్నల్ అందుకునే పరికరంలో, ఐలరాన్ ఛానల్‌కు తగిలించండి. అప్పుడు మలుపులు కుడి స్టిక్‌తోనే తిప్పుతారు. రేపు ఐలరాన్లున్న విమానానికి మారినా అదే వేలు, అదే అలవాటు. ప్లాన్ కోసం ఫ్లైట్ టెస్ట్ అనే ఆర్‌సీ యూట్యూబ్ ఛానల్ వాళ్ల ఉచిత పీడీఎఫ్‌లు చూడండి. వాళ్ల టైనీ ట్రైనర్, సింపుల్ కబ్ సరిగ్గా ఈ పనికి పుట్టినవే.

మెటీరియల్ దగ్గర మన ఊళ్లలో ఒక చిక్కుంది. స్టేషనరీ షాపులో ఫోమ్ బోర్డు అడిగితే చాలాచోట్ల సన్‌బోర్డు చేతిలో పెడతారు. అది పీవీసీ. సైన్‌బోర్డులకు బాగుంటుంది కానీ విమానానికి మరీ బరువు. మీకు కావలసింది రెండు వైపులా కాగితం, మధ్యలో థర్మాకోల్ లాంటి తేలికపాటి ఫోమ్ ఉండే 5 మిల్లీమీటర్ల బోర్డు. తూకం మిషన్ వెంట తీసుకెళ్లినా తప్పులేదు. ఫెవిక్విక్ లాంటి జిగురు థర్మాకోల్‌ను తినేస్తుంది, కాబట్టి ఫోమ్ తగిలేచోట వాడకండి. హాట్ గ్లూ గన్ వాడండి, కానీ పలచగా. గ్లూ ఎంత ఎక్కువ పోస్తే అంత గట్టిదనుకుని కొత్తవాళ్లు యాభై అరవై గ్రాములు దానికే పెట్టేస్తారు. రెక్క ముందంచుకు ప్యాకింగ్ టేపు వేస్తే గడ్డిలో దిగినప్పుడు చిరగదు. రెక్కను బాడీకి అతికించవద్దు. వెదురు పుల్లలు అడ్డంగా గుచ్చి రబ్బరు బ్యాండ్లతో కట్టండి. గుద్దుకున్నప్పుడు రబ్బరు జారి రెక్క ఊడి వస్తుంది, విరగదు.

కట్టడం అయ్యాక ముక్కు వైపు నుంచి కంటికి సమంగా పట్టుకుని రెక్కను చూడండి. ఒక వైపు మెలి తిరిగి ఉంటే ఆ విమానం ఎప్పటికీ ఒక పక్కకే లాగుతుంది, ట్రిమ్‌తో (రిమోట్ మీది చిన్న సర్దుబాటు) పూర్తిగా పోదు. ఆవిరి పట్టో, హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేసో సరిచేయండి. మోటారును సరిగ్గా ఎదురుగా కాకుండా రెండు డిగ్రీలు కుడికి, రెండు డిగ్రీలు కిందికి వంచి బిగించాలి. ప్రొపెల్లర్ తిరిగే ఎదురు ప్రభావంతో విమానం ఎడమకు లాగుతుంది, థ్రాటిల్ పెంచగానే ముక్కు లేస్తుంది. ఆ రెండింటికీ ఇదే విరుగుడు.

ఇక సీజీ, అంటే బరువు మధ్యబిందువు. మొదటి ఫ్లైట్లోనే విమానం ముక్కలైందంటే చాలావరకు కారణం ఇక్కడే ఉంటుంది. రెక్క వెడల్పులో ముందంచు నుంచి 25 నుంచి 30 శాతం మధ్య సీజీ ఉండాలి. 20 సెంటీమీటర్ల రెక్కకు అది 5 నుంచి 6 సెంటీమీటర్లు. అక్కడ రెండు వైపులా రెక్క కింద చూపుడు వేళ్లు ఆనించి ఎత్తితే విమానం సమంగా, లేదా ముక్కు కాస్త కిందికి ఉండాలి. ముక్కు బరువైతే బద్ధకంగా ఎగురుతుంది, దిగేటప్పుడు కాస్త ఇబ్బంది పెడుతుంది, అంతే. తోక బరువైతే ఎలివేటర్ కాస్త కదిపినా ముక్కు ఎగిరిపడుతుంది, దాన్ని పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. సీజీ సరిచేయడానికి సీసం ముక్కలు పెట్టకండి. బ్యాటరీని ముందుకు వెనక్కు జరపండి. అందుకే బ్యాటరీ అరను కావలసినదానికంటే పొడుగ్గా కట్టుకోవాలి.

ఎలక్ట్రానిక్స్‌లో 2212 సైజు, 1000 కేవీ బ్రష్‌లెస్ మోటారు, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించేది), రెండు 9 గ్రాముల సర్వోలు, 10 అంగుళాల ప్రొపెల్లర్, త్రీ సెల్ 1300 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ సరిపోతాయి. కేవీ అంటే ఒక వోల్టుకు లోడు లేనప్పుడు నిమిషానికి తిరిగే చుట్లు. ఇవన్నీ కలిపి మూడు వందల గ్రాముల లోపే ఉంటాయి. బాడీ, రెక్క కలిపి మూడున్నర వందల్లో ముగిస్తే మొత్తం 650 గ్రాములు. డబ్బు పెట్టాల్సింది ట్రాన్స్‌మిటర్ మీద, అంటే చేతిలో పట్టుకునే రిమోట్ మీద. విమానాలు మారతాయి, అది మీ చేతిలోనే ఉంటుంది. ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 లాంటిది రిసీవర్‌తో కలిపి సుమారు ఐదు వేలు. బ్యాలెన్స్ ఛార్జర్‌తో సహా మిగతావన్నీ ఇంకో ఐదారు వేలల్లో వస్తాయి. ఫోమ్, జిగురు, నాలుగు అదనపు ప్రొపెల్లర్లు కలిపినా పదిహేను వేల లోపే. ట్రాన్స్‌మిటర్ మోడ్ 2 తీసుకోండి, థ్రాటిల్ ఎడమ చేతికి వస్తుంది. మన దగ్గర ఎక్కువమంది వాడేది అదే, రేపు ఎవరైనా పక్కన నిలబడి నేర్పాలన్నా సులువు.

లైపో బ్యాటరీతో అజాగ్రత్త పనికిరాదు. నిండుగా ఛార్జ్ అయినప్పుడు సెల్‌కు 4.2 వోల్టులు. 3.5కు రాగానే దిగిపోవాలి, 3.0 కిందికి పోతే సెల్ పాడవుతుంది. వాడకుండా ఉంచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఛార్జ్ పెట్టి బయటికి వెళ్లకండి, మంచం మీద పెట్టకండి, కింద గచ్చు మీద పెట్టండి. మే నెలలో కారులో వదిలేయడం అసలు వద్దు. ఉబ్బిన బ్యాటరీని ‘ఇంకొక్కసారి’ అని వాడకండి. పైన చెప్పిన సెటప్‌తో ఎనిమిది నిమిషాలు ఎగరొచ్చు, మీరు ట్రాన్స్‌మిటర్ టైమర్ ఆరు నిమిషాలకు పెట్టుకోండి. సర్వోలు, స్టిక్‌లు సెట్ చేసుకునేంతసేపూ ప్రొపెల్లర్ విప్పేసి ఉంచండి. ఆన్ చేసేటప్పుడు ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత బ్యాటరీ. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాతే ట్రాన్స్‌మిటర్. సిగ్నల్ పోతే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ మీరే సెట్ చేసి, ప్రొపెల్లర్ లేకుండా ట్రాన్స్‌మిటర్ ఆపి పరీక్షించండి. పదునైన ప్రొపెల్లర్ నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరుగుతూ మనుషుల వైపు పోతుంటే ఆపగలిగింది ఆ ఒక్క సెట్టింగే.

పెట్రోలు లాంటి ఇంజన్ విమానాల గురించి కూడా రాశారు. అవి గ్లో ఇంజన్లు. మిథనాల్, కొంత నైట్రోమీథేన్, లూబ్రికేషన్‌కు నూనె కలిపిన ఇంధనంతో నడుస్తాయి. ఆ నూనెగా మొదటి నుంచీ వాడుతున్నది మన ఆముదమే, ఇప్పుడు సింథటిక్ నూనెలూ వాడతారు. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్ట చేలల్లో పండే ఆముదం ఈ హాబీలో దశాబ్దాలుగా పేరున్న వస్తువు, ఎందుకంటే విపరీతమైన వేడిలోనూ ఇంజన్ లోపల దాని జిడ్డు పొర నిలుస్తుంది. ఆ పొగ వాసన నాకిష్టం. అయినా నేర్చుకోవడానికి మాత్రం ఎలక్ట్రిక్ మంచిది. ఇంజన్ ట్యూనింగ్ మరో విద్య, రెండూ ఒకేసారి తలకెత్తుకోవద్దు.

ఎగరేయడానికి ముందు సిమ్యులేటర్. యూఎస్‌బీ డాంగిల్‌తో మీ ట్రాన్స్‌మిటర్‌నే కంప్యూటర్‌కు తగిలించవచ్చు. పికాసిమ్ ఉచితం, రియల్‌ఫ్లైట్ డబ్బు పెట్టి కొనాలి. మొదటిదే చాలు. అక్కడ గింగిరాలు కొట్టించడం కాదు సాధన. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అందరినీ పడగొట్టేది ఇదే. దీనికి నేను అందరికీ చెప్పే ఉపాయం: ఎదురుగా వస్తున్న విమానానికి ఏ రెక్క కిందికి వాలిందో చూడండి, స్టిక్‌ను అటు వైపే తొయ్యండి. వాలిన రెక్కకు ఊత పెట్టినట్టు. ఇది ఆలోచించకుండానే వేలికి రావాలి. అప్పుడే పొలానికి వెళ్లండి. క్వాడ్‌కాప్టర్ ఎగరేసిన అనుభవం ఉందన్నారు, అది ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. దాన్ని నిలబెట్టేది లోపలున్న కంప్యూటర్, స్టిక్ వదిలేస్తే ఉన్నచోటే ఆగుతుంది. విమానం ఆగదు, ఆగితే పడుతుంది.

పొద్దున ఆరున్నర, ఏడు గంటలు మంచి సమయం. ఎండెక్కేకొద్దీ నేల నుంచి వేడి గాలి లేచి విమానాన్ని ఎత్తేస్తూ దించేస్తూ ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి కొత్తవాళ్లకు పడదు, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి పూటలు చక్కగా ఉంటాయి. గాలికి ఎదురుగా నిలబడి, విమానాన్ని సమంగా పట్టి, సగానికి పైగా థ్రాటిల్ ఇచ్చి నేరుగా ముందుకు వదలండి, పైకి విసరకండి. మొదటిసారి విసరడం పక్కవాళ్లకు అప్పగించి రెండు చేతులూ స్టిక్‌ల మీద ఉంచుకోవడం మేలు. ముందు ముప్పై నలభై మీటర్ల ఎత్తుకు చేరండి. పొరపాటు సరిదిద్దుకునే వ్యవధి ఆ ఎత్తులోనే ఉంది. నేలకు దగ్గరగా ఎగరేస్తే క్షేమమనుకోవడం తప్పు. అక్కడ థ్రాటిల్ సగానికి తగ్గించి, చేతులు వదిలితే నేరుగా పోయేదాకా ట్రిమ్ చేయండి. తర్వాత అదే ఎత్తులో థ్రాటిల్ పూర్తిగా తగ్గించి ఎలివేటర్ మెల్లగా లాగుతూ స్టాల్, అంటే వేగం చాలక రెక్క ఎత్తే బలం పోవడం, ఎలా ఉంటుందో చూడండి. ముక్కు లేస్తుంది, విమానం బరువెక్కినట్టవుతుంది, ఒక్కసారిగా ముక్కు వాలిపోతుంది. అప్పుడు స్టిక్ వదలండి, వేగం పుంజుకోగానే మెల్లగా ఎత్తండి. భయపడి ఎలివేటర్ ఇంకా లాగితే స్టాల్ ఇంకా ముదురుతుంది.

గాలి చేసే మోసం ఒకటుంది. విమానం గాలితో పోలిస్తే గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది, గాలి 15 వేగంతో వీస్తోంది అనుకోండి. గాలి వాలున పోయేటప్పుడు మీ కంటికి 45లా కనిపిస్తుంది, ఎదురుగా వచ్చేటప్పుడు 15లా. వాలున దూసుకుపోతోందని కంగారుపడి థ్రాటిల్ తగ్గిస్తే రెక్క మీద గాలి చాలక మలుపులో స్టాల్ అవుతుంది. గట్టిగా ఒరిగి తిరిగేటప్పుడు కనీస వేగం మామూలుకంటే పెరుగుతుంది కూడా; 60 డిగ్రీలు ఒరిగితే 1.4 రెట్లు కావాలి. అందుకే మలుపులు వెడల్పుగా, ఒరగడం తక్కువగా. విమానాన్ని మీ ఎదుటే, గాలి వచ్చే వైపునే ఉంచండి. మోటారు ఆగినా తేలుతూ మీ దగ్గరికే వస్తుంది. దిగేటప్పుడు గాలికి ఎదురుగా రావాలి. ఎత్తు తగ్గించడం థ్రాటిల్ పని, వేగం చూసుకోవడం ఎలివేటర్ పని. నేలకు అర మీటరులో స్టిక్ కాస్త లాగితే చాలు.

స్థలం గురించి. డ్రోన్ నిబంధనలు 2021 మన విమానాలకూ వర్తిస్తాయి. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల లోపు మైక్రో. వ్యాపారం కోసం కాకపోతే ఈ రెండింటికీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. వినోదానికి, చదువుకు కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. కానీ ఎక్కడ ఎగరేస్తున్నామన్నది తప్పక చూసుకోవాలి. ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లోని మ్యాప్ తెరిచి మీ పొలం ఏ రంగులో ఉందో చూడండి. పచ్చ ప్రాంతంలో 400 అడుగుల దాకా, విమానాశ్రయం హద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఎరుపులో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. హైదరాబాద్ వైపు దుండిగల్, హకీంపేట, బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాలు, వైమానిక స్థావరాలు ఉన్నాయి. మీ దగ్గర్లోనే ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, భానూరు బీడీఎల్ (క్షిపణులు చేసే భారత్ డైనమిక్స్) ఉన్నాయి. మ్యాప్‌లో ముందు వీటినే వెతకండి. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు వెతికితే మెరుగు. జనవరి 26, ఆగస్టు 15 లాంటి రోజుల్లో పోలీసులు తరచూ తాత్కాలిక నిషేధం పెడతారు, అది కూడా పాటించాలి. పొలం యజమానిని అడిగి, ఊళ్లో నలుగురికి చెప్పి వెళ్లండి. పిల్లలు చుట్టూ చేరతారు. వాళ్లను మీ వెనకే నిలబెట్టండి, విమానం వాళ్ల మీదుగా ఎప్పుడూ పోకూడదు. కోత అయిన వరి మడి మంచిది, ఎండిన చెరువు అడుగు ఇంకా మంచిది. కరెంటు తీగలు, తాటిచెట్లు ఉన్నచోట వద్దు. తాడి మీద చిక్కిన విమానం కోసం ఎవరినీ ఎక్కించకండి. సంక్రాంతి ముందు వారం మాంజా దారాల వల్ల ఊరి దగ్గర ఎగరేయకండి. గద్దలు ఒక్కోసారి తరుముతాయి. వెంటనే దూరంగా తీసుకుపోండి, వాటి గూళ్ల కాలంలో ఆ చోటుకే వెళ్లకండి.

అమెరికాలో ఉన్న మీ తమ్ముడికీ ఇదే హాబీ అన్నారు కదా, ఆయనకు దారి ఇంకా సులువు. అక్కడ వినోదానికి ఎగరేసేవాళ్లు ఎఫ్ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) వారి ట్రస్ట్ అనే ఉచిత ఆన్‌లైన్ పరీక్ష రాయాలి, 250 గ్రాములు దాటితే నమోదు చేసుకోవాలి. 1936లో పుట్టిన అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ క్లబ్బులు చాలా ఊళ్లలో ఉంటాయి. రెండు ట్రాన్స్‌మిటర్లు జతచేసి, శిష్యుడు తప్పితే గురువు ఒక్క స్విచ్‌తో అందుకునే పద్ధతిలో నేర్పుతారు. మన దగ్గర కూడా అనుభవమున్నవాళ్లు దొరికితే ఇదే అడగండి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ ఉంది, అందులో చేసిన పాత కేడెట్లు మీ జిల్లాలో ఉండొచ్చు.

మొదటి విమానం మీ మాట వినడం మొదలుపెట్టి, ఎటు నుంచైనా దించగలిగాక రెండోది కట్టండి. మోటారు, ఈఎస్‌సీ, రిసీవర్ అన్నీ పాతవే తీసి పెట్టుకోవచ్చు, కొనాల్సింది ఇంకో రెండు సర్వోలు. ఐలరాన్లు పెట్టి డైహెడ్రల్ తగ్గించండి. అప్పుడు బాల్సా కూడా ముట్టుకోవచ్చు. అది ఎక్కువగా ఈక్వడార్ నుంచి వచ్చే కలప, ధర ఎక్కువే. ఒకే కొలత షీట్ల మధ్య కూడా బరువు రెట్టింపు తేడా ఉంటుంది. కొనేటప్పుడు ఒక్కో షీటూ తూచి, తేలికైనవి తోకకూ రెక్క చివరలకూ, బరువైన గట్టివి రెక్క మధ్య బరువు మోసే స్పార్ కర్రకూ కేటాయించుకుని, పెన్సిల్‌తో బరువు షీటు మీదే రాసి పెట్టుకోండి.